కర్నూలు ఎండకు భౌగోళిక గుర్తింపు ఎప్పుడు?

బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా చోటి సరుకని చాటే జీఐ ట్యాగ్, వచ్చింది. సంతోషం. ఆ మామిడిని మాగబెట్టిన ఎండకు మాత్రం ఇంతవరకు ఏ గుర్తింపూ లేదు. అదే ఏడాది గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు సిద్ధమైంది. మా ప్రధాన పంట ఏమిటో అప్పుడే తేలిపోయింది. కనుక కర్నూలు ఎండకు కూడా ఆ గుర్తింపు ఇప్పించాలని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

దరఖాస్తులో సరుకు ప్రత్యేకత రాయాలట. ఏప్రిల్ నెలలో కొండారెడ్డి బురుజు పక్కన గంటసేపు నిలిపిన స్కూటర్ మీద ఒకసారి కూర్చున్నవాడు ఆ ప్రత్యేకతను నిలబడే వివరిస్తాడు. చిక్కల్లా ఒకటే. సోలార్ పలకకు మా వెలుతురు కావాలి గాని మా వేడి పనికిరాదు. దాని ఒంటి వేడి 25 డిగ్రీలు దాటితే, ఆపై ఒక్కో డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మధ్యాహ్నం మేము చాప పరిస్తే సోమరితనం అన్నవారు ఇకనైనా దాన్ని సాంకేతిక లక్షణం అని పిలవాలి.

రవాణా సంగతి చూడండి. కర్నూలు ఉల్లిగడ్డలు లారీ ఎక్కితే బాడుగ రైతు నెత్తినే పడుతుంది. ధర పడిపోయిన రోజు సరుకు కన్నా బాడుగే బరువు. ఎండకు ఆ బాధ లేదు. 2025 జూన్ 30 లోపు పని మొదలుపెట్టిన సౌర, పవన కేంద్రాల కరెంటుకు రాష్ట్రాల మధ్య లైన్ల ఛార్జీ మాఫీ. ఉల్లిగడ్డను తీగలో పంపే ఉపాయం ఎవరూ కనిపెట్టకపోవడం మా దురదృష్టం. తీగలకు లోటు లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైను కలిపాక దక్షిణాది గ్రిడ్, అంటే ఇక్కడి కరెంటు తీగల అల్లిక, కూడా దేశపు ఉమ్మడి కుటుంబంలో చేరిపోయింది.

ఇక లెక్కలు. ఒక ఉక్కు కంపెనీ మన రాష్ట్రంలో 975 మెగావాట్ల సౌర, పవన కేంద్రం కట్టింది. పిన్నాపురంలో నీళ్ల రూపంలో కరెంటు దాచే ఏర్పాటును జోడించి గుజరాత్‌లోని హజీరా కర్మాగారానికి కరెంటు పంపడం దాని ఏర్పాటు. అయితే కరెంటు ఒప్పందం చదివి నడవదు. దగ్గరలో ఎవరు స్విచ్ వేస్తే ముందు అటే మొగ్గుతుంది. అంటే మిట్టమధ్యాహ్నం నా నెత్తిమీద ఫ్యాను బహుశా ఊరి పక్క ఎండతోనే తిరుగుతోంది, కాగితం మీద మాత్రం పొగలేని కరెంటు వాడిన పచ్చదనం హజీరాది. చెమట ఎవరిది అన్న గడి ఆ కాగితంలో లేదు. పొద్దు గూకాక మాకు పెద్ద దిక్కు బొగ్గే. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రానికి అది సింగరేణి నుంచి రైలెక్కి వస్తుంది. ఎండను పడమటికి పంపి, ఉత్తరం నుంచి మసి తెప్పించుకునే ఈ వ్యాపారాన్ని అర్థశాస్త్రం ఏమంటుందో గాని, మా వీధిలో దీన్ని అల్లుడి మర్యాద అంటారు.

నిల్వ విషయంలోనూ మాకు పాత అనుభవం ఉంది. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ఏర్పాటు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పై జలాశయానికి ఎక్కిస్తారు, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఎక్కించడానికి నాలుగు యూనిట్లు పెడితే దిగేటప్పుడు మూడూ చిల్లర చేతికొస్తాయి. మా పక్కింటి అవ్వ మిద్దె మీద పాత చీర పరిచి బియ్యపు వడియాలు, ఊరమిరపకాయలు ఎండబెడుతుంది. చైత్రంలో పట్టిన ఎండ శ్రావణంలో ముసురు పట్టినప్పుడు నూనెలో పొంగుతుంది. నష్టం కాకుల వాటా మాత్రమే. ఆమెకు ఇంతవరకు ఏ సబ్సిడీ రాలేదు.

మొన్న దరఖాస్తు మీద ఆమె సంతకం కోసం మిద్దె ఎక్కాను. మన ఎండ గుజరాత్ దాకా పోతోందని చెప్పాను. అవ్వ కొంగు తలమీదికి లాక్కుని ఒకసారి పైకి చూసింది.

"అంత పట్టుకుపోయాక కూడా ఇక్కడ ఇంత ఎందుకు మిగిలింది నాయనా?"

నేను కాగితం తిరగేసి జవాబు వెతుకుతున్నాను.

"అది తర్వాత చూద్దువు గాని, ముందు ఆ కాకిని అదిలించు."