వినిపిస్తోందా, ఇంటర్నెట్ ఫోన్ గారూ?

మహారాజశ్రీ ఇంటర్నెట్ ఫోన్ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం రౌటర్‌లో వెలిగే లైటు చూసి తెలుసుకుంటున్నాను.

ముందు మీ ఉప్పు తిన్న మాట ఒప్పుకోవాలి. దూరదేశంలో ఉన్నవాళ్ళతో గడియారం చూసుకుంటూ మాట్లాడి, బాగోగులు అడిగేలోపే "బిల్లు అవుతోంది, ఉంటా మరి" అనే రోజుల్ని పోగొట్టింది మీరే. ఇప్పుడు గంటసేపు కబుర్లు చెప్పుకున్నా ఖర్చయ్యేది డేటానే. మీ నంబరు కూడా భలేది. ఇల్లు మారినా దేశం మారినా వెంటే వస్తుంది. కాకపోతే మీ దగ్గర రాయించిన చిరునామా మార్పించడం మరిచిపోతే, ఆపదలో మీ నుంచి ఫోన్ చేసినప్పుడు అంబులెన్స్ పాత ఇంటికి వెళ్ళొచ్చు. ఆ వేళకి అక్కడెవరికైనా ఒంట్లో బాగోకపోతే వాళ్ళ అదృష్టం.

అసలు సంగతికొస్తాను. ఆమధ్య మా అక్కకి ఫోన్ చేసి "ఆదివారం వస్తున్నా" అన్నాను. "రా" అంది. ఆ తర్వాత ఏదో గరగర. సరే, రమ్మంది కదా అని పెట్టేశాను. తీరా సంచి పట్టుకుని వెళితే తలుపుకి తాళం! గుమ్మంలో నిలబడే ఫోన్ చేశాను. "రావద్దన్నానుగా, మేం ఊళ్ళో లేం!" ఈ మాట మాత్రం ఖంగుమని వినిపించింది.

ఇంటికొచ్చి మీ గుట్టు కనుక్కున్నాను. మాటని మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా తరిగి, ఒక్కోదాన్నీ విడివిడిగా పంపిస్తారట. దారిలో పోయింది పోయినట్టే. వెనక్కి వెళ్ళి తెచ్చేసరికి వేళ దాటిపోతుందని మీరు వెతకరు కూడా. "వద్దు" అనే మాటకి పదిహేనో ఇరవయ్యో ముక్కలు. తెలుగులో కాదు, లేదు, వద్దు అన్నీ వాక్యం చివర్లోనే వస్తాయి సార్. తోక తెగిందంటే రావద్దన్నా రమ్మన్నట్టే.

ఇంకో విద్య కూడా ఉంది మీకు. అవతలివాళ్ళు మాట్లాడనప్పుడు చాలాసార్లు అటునుంచి శబ్దమే పంపరు. మరీ నిశ్శబ్దమైతే లైన్ తెగిందనుకుంటామని, ఇటువైపు మీరే సన్నటి రొద తయారుచేసి వినిపిస్తారు. దానికి కంఫర్ట్ నాయిస్ అని ముద్దుపేరు. ఎన్నిసార్లు ఆ రొదని అక్క ఊపిరి అనుకుని నా కష్టాలు చెప్పుకున్నానో!

మాట చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఎప్పుడో చెప్పింది. మీకు నెట్ నీరసించిన రోజున ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం, ఒకేసారి ఆగుతాం. "నువ్వు చెప్పు." "లేదు, నువ్వే చెప్పు." ఇంత మర్యాద మా ఇంట్లో ఎన్నడూ లేదు.

పాత ల్యాండ్‌లైన్ కరెంటు పోయినా పలికేది. దానికి కావలసిన 48 వోల్టులు ఎక్స్ఛేంజీ నుంచి రాగి తీగలోనే వచ్చేవి. మీరేమో కరెంటు పోగానే రౌటర్‌తో సహా పడుకుంటారు. కరెంటు పోయిందని చెప్పడానికైనా ఫోన్ ఉండాలి కదండీ?

ఇట్లు,
మీ ఉచిత సేవల బాధితుడు

తా.క.: వచ్చే ఆదివారం బయల్దేరాలో లేదో తేలడం లేదు. ఇందాకే అక్క ఫోన్ చేసింది. "రా" దాకా వినిపించింది.