క్రిస్మస్ స్టార్ పక్కన ఒక హాకీ కర్ర

డిసెంబరు మూడో వారంలో విజయనగరం స్టేషన్‌లో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కి చూడండి. అలెప్పీ నుంచి ధన్‌బాద్ పోయే బండిని మన వైపు ఇప్పటికీ ఆ పాత పేరుతోనే పిలుస్తారు. కేరళలో, తమిళనాడులో పనిచేసే ఒడిశా, ఝార్ఖండ్ కుర్రాళ్లు క్రిస్మస్‌కి ఇళ్లకు పోతుంటారు. రెండేళ్ల కిందట పార్వతీపురం దాకా అలాంటి ఒకడి పక్కన కూర్చున్నాను. పైన కేకు డబ్బా, దాని పక్కన లుంగీలో చుట్టిన పొడవాటిదేదో ఉంది. గొడుగేమో అనుకున్నా. ‘హాకీ’ అన్నాడు. ఇరవై ఆరున వాళ్ల ఊళ్లో మ్యాచ్ అట. గెలిస్తే ఏమిస్తారని అడిగితే ‘ఖస్సీ’ అని నవ్వాడు. విత్తులు కొట్టిన మేకపోతు అన్నమాట.

ఆ నవ్వు మన ఉత్తరాంధ్ర క్రిస్మస్‌లో ఎందుకు లేదన్నదే నా గొడవ.

ఒడిశాలోని సుందర్‌గఢ్, ఝార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాల హాకీ గురించి పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన జట్టుకు కెప్టెన్ ఆ పక్కనే ఖూంటీ వైపు వాడైన జైపాల్ సింగ్ ముండా. 412 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన దిలీప్ తిర్కీదీ, టోక్యో, పారిస్ రెండు చోట్లా కాంస్యం గెలిచిన జట్లలో ఉన్న అమిత్ రోహిదాస్‌దీ ఒకే ఊరు, సుందర్‌గఢ్‌లోని సౌనామరా. మహిళల జట్టు కెప్టెన్సీ అందుకున్న సలీమా టెటే సిమ్డేగా పిల్ల. వీళ్ల వెనక ఏ అకాడమీ ఉందని వెతుకుతారు అందరూ. అకాడమీ తర్వాత వచ్చింది. ముందు ఉన్నది మిషన్ స్కూలు, చర్చి వెనక ఎర్రమట్టి నేల, చెట్టు నుంచి కొట్టి తెచ్చుకున్న వెదురు కర్ర, గెలిస్తే మేక, ఓడితే కోడి. కోతలు అయిపోయి, సెలవులు వచ్చి, వలస పోయినవాళ్లంతా ఊరు చేరే రోజుల్లో ఆడతారు. అంటే పండగే వాళ్ల సెలక్షన్ ట్రయల్స్. రూర్కెలాలో ఇరవై వేల సీట్ల బిర్సా ముండా స్టేడియం 2023లో కట్టారు. ఏడేళ్లు ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్ మళ్లీ అక్కడే మొదలైంది, 2024 డిసెంబరు 28న. క్రిస్మస్ అయిన మూడో రోజు. అక్కడి జనం స్టేడియానికి కొత్తగా అలవాటు పడాల్సిన పని లేకపోయింది.

ఇక మన సంగతి. ఇక్కడ నాకు భలే తమాషాగా అనిపించే విషయం ఒకటుంది. భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి వైపు చర్చిలు, బడులు, ఆస్పత్రులు పెట్టింది కెనడా బాప్టిస్టులు. కెనడా తూర్పు తీరం మిషనరీలు తెలుగు నేల మీద పని మొదలెట్టింది 1875లో. సరిగ్గా అదే ఏడాది మార్చి 3న మాంట్రియల్‌లో, పైకప్పు కింద, మంచు మీద ఆడే ఐస్ హాకీ తొలి మ్యాచ్ పద్ధతిగా జరిగింది. వాళ్లలో చాలామంది సొంత గడ్డ అయిన నోవా స్కోషియాలో విండ్సర్ అనే ఊరు హాకీ మా దగ్గరే పుట్టిందని ఇప్పటికీ పోట్లాడుతుంది. ఆ దేశంలో క్రిస్మస్‌నీ హాకీనీ విడదీయలేరు. ఏటా డిసెంబరు 26న ప్రపంచ జూనియర్ పోటీలు మొదలైతే ఇంటిల్లిపాదీ టీవీ ముందే. క్రిస్మస్ ముందు మ్యాచ్‌లలో సొంత జట్టు తొలి గోల్ కొట్టగానే స్టాండ్స్‌లోంచి వేలకొద్దీ టెడ్డీ బొమ్మలు మంచు మీదికి విసురుతారు. ఆటగాళ్లు ఏరి పేద పిల్లలకు పంచుతారు. 1993లో కామ్‌లూప్స్ అనే ఊళ్లో మొదలైన సరదా ఇది, ఇప్పుడు ఆచారమైపోయింది.

అలాంటి దేశంవాళ్లు మనకు పాటల పుస్తకం ఇచ్చారు, కేకు ఇచ్చారు, వెదురు గెడకు కట్టే స్టార్ ఇచ్చారు. కర్ర మాత్రం ఇవ్వలేదు. మంచు లేదు కదా అంటారా? ఝార్ఖండ్‌లో మాత్రం ఎక్కడుంది? అక్కడి మిషనరీలు మట్టి మీద ఆడే హాకీ నేర్పారు. ఇక్కడ మాత్రం కర్ర లోకువైందా? కర్రసాము, గరిడీలు చూపించి బతికిన నేల ఇది. కర్రాబిళ్ల ఆడని చెయ్యి మా తరంలో లేదు.

క్రికెట్ ఊళ్లో హాకీ ఎవడు చూస్తాడని, టర్ఫ్ లేకుండా ఈ రోజుల్లో హాకీ ఏమిటని అంటారు. నిజమే, 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్స్ హాకీ అంతా కృత్రిమ పచ్చిక మీదే. కానీ నేను అడిగేది ఒలింపిక్స్ కాదు, ఇరవై ఆరో తేదీ సాయంత్రం. ఒక మతం పండక్కి ఆటను ముడిపెట్టడమేమిటన్న వాళ్లు, సంక్రాంతి కోడిపందేల దగ్గర ఎవరెవరు నిలబడతారో ఒకసారి చూసి రావాలి.

పండగలో పాతుకున్న ఆటే నిలుస్తుంది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో బరువులెత్తడం ఊరి అలవాటు, అందుకే ఇంటికొకరు లిఫ్టర్. ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి వచ్చి మల్లీశ్వరి 2000లో సిడ్నీలో పతకం తెచ్చింది. శ్రీకాకుళంలో స్టేడియానికి వీరఘట్టం మల్లయోధుడు కోడి రామమూర్తి పేరు పెట్టుకుని మురిసిపోయాం. మరి మన క్రిస్మస్ ఏమైంది? డిసెంబరు ఒకటి నుంచి సెమీ క్రిస్మస్‌లు. స్టేజీ, సౌండ్ బాక్సులు, ముఖ్య అతిథి, శాలువా. యూత్ వాళ్ల డ్యాన్సు, సెల్‌ఫోన్లలో వీడియోలు. పాతిక మంది కదిలితే మూడొందల మంది ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు. వినాయక చవితీ అంతే, గ్రామదేవత పండగా అంతే. పండగంటే కూర్చుని చూసేదైపోయింది. అన్ని పండగలకూ పట్టిన జబ్బు ఇది. హాకీ నాకు ఒక సాకు మాత్రమే అని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఖర్చు? స్టేజీ అద్దెలో సగం పెడితే పాతిక కర్రలు, నాలుగు బంతులు, ఒక మేకపోతు వస్తాయి. పాలకొండ, టెక్కలి, సాలూరు చర్చిల యూత్ జట్లు కడితే చాలు, ఊళ్లో మిగతా కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. మేకపోతు కట్టేసి ఉన్నచోట మతం ఎవరడుగుతారు? మిషన్ స్కూళ్లకు క్రిస్మస్‌కి వరసగా సెలవులుంటాయి, గ్రౌండ్లు ఖాళీ.

ఖాళీ అన్నాను గానీ, అదీ పూర్తి నిజం కాదు. పోయిన డిసెంబరులో నలుగురు పిల్లలను వెంటేసుకుని మా పట్నంలోని ఒక స్కూలుకెళ్లి రెండు గంటలు గ్రౌండ్ ఇమ్మని అడిగాను. ‘సెలవుల్లో ఇవ్వమండీ, ఎవరికైనా దెబ్బ తగిలితే మాట మా మీదికొస్తుంది’ అని మర్యాదగానే చెప్పి గేటుకు తాళం వేశారు. సాయంత్రం అటుగా వస్తే గేటు బార్లా తీసుంది. లోపల పెళ్లి రిసెప్షన్‌కి షామియానా వేస్తున్నారు. సరిగ్గా గోల్‌పోస్ట్ పాతుదామని మేం అనుకున్న చోట గాడిపొయ్యి తవ్వుతున్నారు.