జిమ్ముల్ని వెంటనే వడ్రంగి షెడ్లకి తరలించాలి

విజయనగరంలో సాయంత్రం ఆరు దాటాక రింగ్ రోడ్డు వైపు వెళ్ళండి, మేడ మీద అద్దాల గదిలో జనం వరసగా కూర్చుని కదలని సైకిళ్ళు తొక్కుతుంటారు. నెలనెలా డబ్బు కట్టి మరీ తొక్కుతారు. ఆ శక్తంతా ఎక్కడికి పోతోందో ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ విచారణ కమిటీ వేయలేదు కాబట్టి, బాధ్యత గల పౌరుడిగా నేనే ఈ ప్రతిపాదన చేస్తున్నాను.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో డబ్ల్యూ.ఎఫ్. అండ్ జాన్ బార్న్స్ అని ఒక కంపెనీ ఉండేది. 19వ శతాబ్దం చివర్లో, ఆవిరి ఇంజను కొనే స్తోమత లేని చిన్న చిన్న వడ్రంగి షాపుల కోసం కాలితో నడిచే రంపాలూ, చెక్కని గిరగిరా తిప్పుతూ గుండ్రంగా చెక్కే లేత్‌లూ చేసి అమ్మింది. అందులో ఒక రంపానికి ఏకంగా సీటూ రెండు పెడళ్ళూ ఉన్నాయి. కూర్చుని తొక్కుతుంటే ఎదురుగా సన్న రంపం పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో పూలూ లతలూ కోస్తుంది. అంటే జిమ్ సైకిలే, కాకపోతే చివర్లో ఒక వస్తువు తయారవుతుంది. ఈ లోపాన్ని తర్వాతి తరాలు సరిదిద్దాయి.

కాలి లేత్ ఎలా పనిచేస్తుందో టైలర్ల తొక్కుడు మిషను చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తొక్కే పలక, దాన్నుంచి క్రాంకుకి (చక్రాన్ని తిప్పే వంకర ఇరుసుకి) ఒక కడ్డీ, బరువైన ఇనప చక్రం, బెల్టు. కిటుకంతా చక్రం బరువులోనే ఉంది, ఎందుకంటే కాలు కిందికి నొక్కినప్పుడే బలం పుడుతుంది, పైకి లేచేటప్పుడు పుట్టదు, ఆ కాస్త ఖాళీని చక్రమే తన ఊపుతో దాటించేస్తుంది. క్రాంకు సరిగ్గా పైకొసనో కిందికొసనో ఆగిందంటే మాత్రం ఎంత తొక్కినా కదలదు, చేత్తో కాస్త సాయం పట్టాలి. (ఆఫీసుల్లో ఫైళ్ళకీ ఇదే సూత్రం.)

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఊడ్చేశాక పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఎటు చూసినా పడిపోయిన చెట్లు, విరిగిన ఇళ్ళు, చేసినంత చెక్కపని. కరెంటు రంపం సరిగ్గా అప్పుడే సెలవు పెడుతుంది.

అలాగని కాలి యంత్రాల్ని మనవాళ్ళు మర్చిపోయారంటే అన్యాయం. పాత కుట్టుమిషను స్టాండుకి నల్లరంగు కొట్టి, పైన గాజు పలక వేసి, కాఫీ షాపుల్లో టేబుల్ చేస్తున్నారు. కింద తొక్కుడు పలకని మాత్రం వైరుతో బిగించేస్తారు, ఎవరైనా పొరపాటున పని చేస్తారేమోనని.

ఇక లెక్క. మనిషి నిలకడగా తొక్కితే వచ్చేది సుమారు 75 వాట్లు, ఒక హార్స్‌పవర్ అంటే 746. ఒక హార్స్‌పవర్ మోటారు బదులు పదిమంది చాలు, వాళ్ళు మన ఊళ్ళో ఒక్క జిమ్‌లోనే దొరుకుతారు.

ఒకే పనస దుంగని తొలిచి వీణలు చేసే బొబ్బిలి వైపు నాకు తెలిసిన వడ్రంగి మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఆయనతో ఈ పథకం చెప్పాను.

"ఏటి బాబూ, కరెంటున్నా ఈ పనికి కుర్రోళ్ళు రావట్లేదు, కాలితో తొక్కమంటే ఎవుడొత్తాడు?"

జిమ్ వాళ్ళొస్తారన్నాను.

"మరి ఆళ్ళకి కూలెంతివ్వాల?"

"నువ్వివ్వడం కాదు మేస్త్రీ, వాళ్ళే నీకు నెలకింతని కడతారు."

ఉలి కింద పెట్టి కాసేపు లెక్క వేసుకున్నాడు.

"ఏసీ పెట్టమంటారేమో బాబూ, మళ్ళీ కరెంటే గదా."