డబ్బా మీద ప్రొటీన్, డబ్బాలో నూనె

విశాఖ ఎంవీపీ కాలనీలో మా కింద ఫ్లాట్ కుర్రాడు జిమ్ నుంచి వచ్చి, మెట్ల దగ్గర నిలబడే పీనట్ బటర్ డబ్బాలో చెంచా ముంచి తింటాడు. నాలుగు చెంచాలు, ఒక్కోటీ గోపురంలా. "ఏంట్రా అది?" అంటే "ప్రొటీన్ అంకుల్" అంటాడు. కాదు నాన్నా, అది నూనె. ప్రొటీన్ దాంతోపాటు వచ్చింది, అంతే.

వంద గ్రాముల పీనట్ బటర్‌లో ప్రొటీన్ సుమారు 25 గ్రాములు, కొవ్వు 50 గ్రాములు, కేలరీలు 600కి అటూఇటూ. అంటే కేలరీల్లో ముప్పావు వంతు కొవ్వువే. ఇది ఏ కంపెనీ చేసిన మోసమూ కాదు, వేరుశనగ పుట్టుకే అది, నూనెగింజ కదా! అదే 25 గ్రాముల ప్రొటీన్ నాలుగు గుడ్లలో వస్తుంది, 300 కేలరీలతో సరి. హార్బర్ దగ్గర కొన్న కానాగంత చేపల్లో అయితే ఇంకా తేలిగ్గా వస్తుంది. పైగా వేరుశనగ ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, మన అన్నంలోనూ తక్కువే. ఆ లోటు పూడ్చేది పప్పు, పీనట్ బటర్ కాదు.

మరి డబ్బా ముందు అంత పెద్ద అక్షరాలతో 'హై ప్రొటీన్' అని ఎలా వేస్తారు? రూల్ ప్రకారమే వేస్తారు, అసలు తమాషా అక్కడే ఉంది. మన ఆహార భద్రతా సంస్థ నిబంధనల్లో, వంద గ్రాముల పదార్థంలో రోజుకి కావలసిన ప్రొటీన్‌లో ఐదో వంతు ఉంటే చాలు, ఆ మాట వాడుకోవచ్చు. 65 కిలోల మగవాడికి రోజుకి 54 గ్రాములన్నది లెక్క కాబట్టి, 11 గ్రాములుంటే పాస్. ఉత్త వేరుశనగ పిక్కలు నిద్రలో రాసినా ఆ పరీక్ష పాసవుతాయి. కానీ రొట్టె మీద వంద గ్రాములు రాసుకునేవాడు ఎవడండీ?

అయినా కొనాలంటే డబ్బా వెనక్కి తిప్పండి. పదార్థాలు బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకి రాయాలన్నది చట్టం. 'వేయించిన వేరుశనగ' అని ఒక్క ముక్కే ఉంటే, మహా అయితే పక్కన ఉప్పు ఉంటే, తీసుకోండి. రెండో పేరు పంచదార అయితే అది మిఠాయి. హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఆయిల్ అని ఉంటే మన వనస్పతి బంధువు, నూనె పైకి తేలకుండా పట్టి ఉంచడానికి వేస్తారు. మనవాళ్లేమో నూనె తేలిన డబ్బా చూసి పాడైపోయిందని పక్కన పెట్టేస్తారు! తేలడమే మంచి గుర్తు. ఆవకాయలో నూనె తేలితే మురిసిపోతాం, ఇక్కడ మాత్రం టెన్షన్.

ఇంకా మంచిది ఇంట్లో చేసుకోవడం. రైతుబజార్లో అర కిలో పిక్కలు తెచ్చి, ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, బూజు వాసన వేసేవీ ఏరి పారేయండి. మన విశాఖ ఉక్కకి తేమ పట్టిన గింజల్లో బూజు తొందరగా చేరుతుంది, దాని విషం అఫ్లాటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు. మిగిలినవి సన్నసెగ మీద వేయించి, పొట్టు ఊదేసి, మిక్సీలో తిప్పండి. ముందు పొడవుతుంది, తర్వాత ముద్దకట్టి జార్ అంచులకి అతుక్కుంటుంది. చాలామంది అక్కడే ఓపిక పోయి నూనె పోస్తారు. వద్దు. మిక్సీ కాస్త చల్లారనిచ్చి, గరిటెతో కిందకి తోసి మళ్లీ తిప్పితే దాని నూనె అదే వదిలి జారుతుంది.

హాస్టల్ పిల్లల సంగతేంటి, వాళ్లకి పొయ్యి లేదు, కొందరు గుడ్డు తినరు అంటారు జిమ్ కోచ్‌లు. నిజమే. రెండు చెంచాలకి 7, 8 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, కొవ్వులో ఎక్కువ భాగం గుండెకి మంచి రకమే. రెండు చెంచాలతో ఆగితే నాకూ గొడవ లేదు. ఆగనివ్వనిది డబ్బా ముందున్న ఆ మాట.

నా అసలు కోపం ఆ ముందువైపు మీదే. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ 'హెల్త్ డ్రింక్' అనే వర్గమే చట్టంలో లేదని చెప్పి, ఆన్‌లైన్ అంగళ్లని ఆ పేరు తీసేయమంది. అప్పటిదాకా ఎన్ని తరాల పిల్లలు ఆ పేరుతో తీపి పాలు తాగారో! ప్యాకెట్ ముందు నక్షత్రాల రేటింగ్ పెడదామని ఆహార భద్రతా సంస్థ 2022లో ముసాయిదా తెచ్చింది. నక్షత్రాలెందుకు, సినిమా రివ్యూకా? చిలీ దేశంలో 2016 నుంచి పంచదార, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు హద్దు దాటిన ప్యాకెట్ మీద నల్లటి ఎనిమిది పలకల ముద్ర ముందువైపే కొడుతున్నారు. చదువు రానివాళ్లకీ అర్థమవుతుంది. మనకి కావలసింది అది. ఆర్కే బీచ్‌లో పొట్లం కట్టి పిక్కలమ్మే ఆవిడ ఏమీ రాయదు, అందుకే మనం ఆవిడ దగ్గర ప్రొటీన్ కోసం కొనం.

మొన్న ఆ కుర్రాడి డబ్బా తీసుకుని వెనకాల చదవమన్నాను. కళ్లు చికిలించాడు, వెలుగులోకి పట్టాడు, చివరికి ఫోన్ కెమెరా తీసి జూమ్ చేశాడు. వాడికి పందొమ్మిదేళ్లు, కళ్లజోడు కూడా లేదు. రెండో పేరు పంచదార.