ఆంప్లిఫైయరుకి ఎనిమిదడుగుల గొయ్యి

(రాజమండ్రి, మే నెల సాయంత్రం. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. వరలక్ష్మి సబ్‌స్టేషన్‌లో ఇంజినీరు. ప్రసాదు ఆమెకి మొగుడు, ఆంప్లిఫైయరుకి భక్తుడు.)

వరలక్ష్మి: ఏవండీ, ఉరుముతోంది. ఆ డబ్బా ప్లగ్గు పీకండి.

ప్రసాదు: డబ్బా ఏంటే! లక్షా నలభై వేలు. అయినా ఆపేశాగా.

వరలక్ష్మి: మీరాపింది రిమోటుతో. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, అంటే లోపలికి కరెంటు వెళ్తున్నట్టే.

ప్రసాదు: ఇదిగో, గోడ స్విచ్చి కూడా కట్టేశా. చాలా?

వరలక్ష్మి: ఆ స్విచ్చి తెంపేది ఫేజు ఒక్కటే. న్యూట్రలూ ఎర్తూ అంటుకునే ఉంటాయి. ఆకాశం నుంచి నేలకి దూకే పిడుగుకి మీ స్విచ్చిలోని రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఓ లెక్కా?

ప్రసాదు: మీ తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిచ్చిన సర్జ్ ప్రొటెక్టరు ఉందిగా, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరితే అడ్డుకునేది! దానికే పెట్టా.

వరలక్ష్మి: వెనకాల ఏం రాసుందో చదవండి.

ప్రసాదు: నూట పాతిక వోల్టులు... పదిహేను ఆంపియర్లు.

వరలక్ష్మి: మనింట్లో ఎంతొస్తుంది?

ప్రసాదు: రెండొందల ముప్పై. పెద్ద తేడానా?

వరలక్ష్మి: అందులో ఎంఓవీ అని జింకు ఆక్సైడు బిళ్ళలుంటాయి. మామూలు వోల్టేజీకి కరెంటుని పోనివ్వవు. గీత దాటిందంటే తలుపు బార్లా తీసేసి సర్జుని పక్కదారి పట్టిస్తాయి. అక్కడి బిళ్ళకి గీత నూట ముప్పై, నూట యాభై దగ్గరుంటుంది. ఇక్కడ పెడితే రోజూ వచ్చే కరెంటే దానికి సర్జు. కాలిపోక ఏం చేస్తుంది?

ప్రసాదు: ఓహో. పెట్టిన రోజు ఠప్పుమని కొంచెం పొగొచ్చింది. నువ్వు సాంబ్రాణి వేశావనుకున్నా.

వరలక్ష్మి: మంగళవారం మధ్యాహ్నం మూడింటికి సాంబ్రాణా?

ప్రసాదు: కానీ పాటలు వస్తున్నాయే!

వరలక్ష్మి: వస్తాయి. కొన్నిటిలో బిళ్ళ చచ్చినా కరెంటు వస్తూనే ఉంటుంది. 'ప్రొటెక్టెడ్' అన్న చిన్న లైటు ఆరిపోతుంది. మీరు దాని మీద డస్ట్ కవరు కప్పారు.

ప్రసాదు: సరే తల్లీ, బజారుకెళ్లి మూడొందలు పెట్టి ఓ జంక్షన్ బాక్సు తెస్తా.

వరలక్ష్మి: చాలావాటిలో స్విచ్చీ లైటూ తప్ప ఏమీ ఉండవు. ఎంత సర్జు శక్తిని మింగగలదో, అంటే జూల్స్ ఎన్నో, అచ్చేసిందే తీసుకోండి. విప్పి చూస్తే ఇరవై మిల్లీమీటర్ల బిళ్ళలు కనపడాలి, వాటి మీద 20డి471 అని ఉండాలి. అవి మూడొందల వోల్టుల ఏసీ దాకా ఓర్చుకుంటాయి. ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్తు, న్యూట్రల్-ఎర్తు మధ్య ఒక్కోటి, మొత్తం మూడు. సబ్‌వూఫరూ టీవీ కూడా ఆ బాక్సుకే. వేరే గదిలోంచి వైరు లాగితే సర్జొచ్చినప్పుడు రెండు చోట్ల ఎర్తు వోల్టేజీ ఒకే మట్టంలో ఉండదు. ఆ తేడా సిగ్నల్ కేబుల్లోంచి దూరుతుంది.

ప్రసాదు: ఇంక నిశ్చింత!

వరలక్ష్మి: స్తంభం మీద న్యూట్రల్ తెగితే?

ప్రసాదు: అదెందుకు తెగుతుందే, శుభమా అంటూ!

వరలక్ష్మి: గాలివానకి కొమ్మ పడితే తెగుతుంది. అప్పుడు తక్కువ వాడకం ఉన్న ఫేజు నాలుగొందల వైపు ఎగబాకుతుంది. ఎంఓవీ ఓర్చేది మైక్రోసెకన్ల దెబ్బని. మూడొందల యాభై వోల్టులు నిమిషాల తరబడి నిలిస్తే ముందు బిళ్ళ, వెనకాలే మీ ఆంప్లిఫైయరు పవర్ సప్లై.

ప్రసాదు: స్టెబిలైజరు కొంటా.

వరలక్ష్మి: దానిలోని రిలే స్విచ్చి కదిలేలోపు పిడుగు సర్జు లోపలికెళ్లి పనైపోతుంది. న్యూట్రల్ తెగినప్పటికైతే, వోల్టేజీ మరీ పెరిగితే తెంపేసే హై కట్ ఉన్నది కొంత మేలు. దానికన్నా మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టరు పెట్టిద్దాం. రెండొందల డెబ్భై దాటితే ఫేజూ న్యూట్రలూ రెండూ తెంపేదై ఉండాలి. పక్కనే టైప్ 2 ఎస్‌పీడీ, అంటే ఇల్లు మొత్తానికీ సర్జు ప్రొటెక్టరు. 275 వోల్టులది వద్దు, న్యూట్రల్ తెగితే అదే ముందు పోతుంది. 385ది అడగండి. ఎలక్ట్రీషియన్ని దాని తీగలు అరమీటరు మించనివ్వకండి. పొడుగు తీగ మీదే వందల వోల్టులు నిలబడి, అవీ మీ డబ్బాకే చేరతాయి.

ప్రసాదు: ఆంప్లిఫైయరు అను!

వరలక్ష్మి: ఇంతా పెట్టినా ఎర్తు లేకపోతే చాలావరకు దండగే. పక్కకి తిప్పిన సర్జు ఎటు పోవాలి? మన ఎర్తు గొయ్యి ఎక్కడుందో చెప్పండి.

ప్రసాదు: పెరట్లో... ఉండేది.

వరలక్ష్మి: దాని మీద మీరు పార్కింగ్ టైల్స్ వేయించారు. నీళ్లు పోసే దారి మూసుకుపోయింది. కొత్తగా ఎనిమిదడుగులు తవ్వి రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపించి, ఎర్త్ టెస్టరుతో చూస్తే నిరోధం ఐదు ఓముల లోపు వచ్చేదాకా ఎలక్ట్రీషియన్ని కదలనివ్వను.

ప్రసాదు: పాటలు వినడానికి గొయ్యి తవ్వాలా! సరే, ప్లగ్గు పీకేశా. ఇప్పుడు ఏ పిడుగూ ఏం చెయ్యలేదు.

వరలక్ష్మి: డాబా మీద డిష్షు?

ప్రసాదు: అది టీవీ గొడవ.

వరలక్ష్మి: డిష్షు వైరు సెట్‌టాప్ బాక్సుకి, అక్కణ్ణించి హెచ్‌డీఎంఐ మీ ఆంప్లిఫైయరుకి. ముందు పోయేది ఆ పోర్టే. బాక్సు వెనక కనెక్టరు విప్పెయ్యండి, రౌటరు లాన్ వైరు కూడా. ఉరుములు తగ్గాక హెచ్‌డీఎంఐ బదులు ఆప్టికల్ కేబులు పెట్టుకోండి, అందులో వెళ్లేది కరెంటు కాదు, వెలుతురే.

(దూరంగా పెద్ద ఉరుము. కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. ప్రసాదు ప్లగ్గు పట్టుకుని పరుగు.)

వరలక్ష్మి: ఆగండాగండి! ఉరుములింకా ఉన్నాయి. లైను కూడా వచ్చీ పోతుంటుంది. ఇవి ఆగాక అరగంట చూసి పెట్టండి.

ప్రసాదు: అన్నట్టు ఇవన్నీ కలిపి ఎంతవుతుందే?

వరలక్ష్మి: మీరు కొన్న బంగారు పూత పవర్ కేబులు ధరలో సగం.

ప్రసాదు: దాని ధర నీకెవరు చెప్పారు?

వరలక్ష్మి: బిల్లు తీసుకెళ్లి పంచాంగంలో దాచారు. నేను రోజూ రాహుకాలం చూసుకుంటానండీ.