దండెం మీద ఇంటర్నెట్

మా హాల్లో ఆరేళ్ల పాటు ఒక పసుపు రంగు కేబుల్ ఉండేది. టీవీ పక్కనున్న రౌటర్‌లోంచి బయల్దేరి, గోడవారగా బుద్ధిగా నడిచి, వంటింటి గుమ్మం దగ్గరికి రాగానే బుద్ధి మారి నేల మీద అడ్డంగా పడుకుని, అక్కణ్నుంచి వెనక గదిలోని నా కంప్యూటర్‌కి చేరేది. పొడవు 20 మీటర్లు. అందులో 19 మీటర్లతో ఎవరికీ ఏ పేచీ లేదు. గుమ్మం దగ్గరి ఆ ఒక్క మీటరే మా కాపురంలో నిప్పులు పోసింది.

ఓ సాయంత్రం మా ఆవిడ బకెట్టుతో నీళ్లు తెస్తుంటే కాలికి చుట్టుకుంది. ఆవిడ పడలేదు. బకెట్టు పడింది.

"ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అంది.

ఈ మాట నేను ఇదివరకు ఆరుసార్లు విన్నాను. కానీ ఈసారి బకెట్టు సొట్టపోయి సాక్ష్యంగా నిలబడింది. వాదించడం అనవసరం అనిపించింది. "దానికేముంది, వైర్‌లెస్ అడాప్టర్ పెట్టేస్తా. ఐదు నిమిషాల పని" అన్నాను.

కంప్యూటర్ విషయాల్లో బంధువుల్లో నాకు కాస్త పేరుంది. ఆ పేరు ఎక్కువగా నేనే పెట్టుకున్నది. అయినా జనం నమ్ముతారు. రెండేళ్ల కిందట మా బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య, మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన ఫోన్‌కి మా వైఫై పట్టలేదు. పాస్‌వర్డ్ మూడుసార్లు నేనే కొట్టి, ఫోన్‌ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, "ఇందులో వైఫై చిప్ పోయింది బావగారూ, మార్చాల్సిందే" అని తేల్చేశాను. ఆయన మారు మాట్లాడకుండా మార్చేశారు. తర్వాతి సారి ఆ కొత్త ఫోన్ కూడా పట్టకపోతే, "కొత్త మోడళ్లలో ఇది మామూలే" అన్నాను. దానికీ ఆయన తల ఊపారు. అంతటి గౌరవం.

సరే, అడాప్టర్ వచ్చింది. చిటికెన వేలి గోరంత ఉంది. డబ్బా మాత్రం అరచేయంత. దాని మీద పెద్ద అక్షరాలతో 600 అని వేసి ఉంది. స్పీడట. మా మేనల్లుడికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. వాడు ఇలాంటివే చేసే ఉద్యోగంలో ఉన్నాడు.

"అది రెండు బ్యాండ్‌లదీ, అంటే వైఫై నడిచే రెండు రేడియో దారులదీ, కలిపి వేసిన లెక్క మామయ్యా. 2.4 గిగాహెర్ట్జ్‌లో 150, 5 గిగాహెర్ట్జ్‌లో 433. కూడి, పైకి సరిచేసి 600 అన్నారు. నువ్వు వాడేది ఒకసారికి ఒకటే."

ఒకే మనిషి నడక వేగాన్నీ పరుగు వేగాన్నీ కూడి బయోడేటాలో రాసుకున్నట్టన్నమాట. పోనీలే, వైర్‌లెస్ ఫిడెలిటీ అంటే అంతే కదా అన్నాను. వాడు కాసేపు ఆగి, "వైఫైకి పూర్తి రూపం అంటూ ఏమీ లేదు మామయ్యా. అసలు పేరు ఐఈఈఈ 802.11. అది జనం నోటికి తిరగదని 1999లో ఈ పేరు పెట్టారు" అన్నాడు. ఆ పూర్తి రూపాన్ని నేను ఇప్పటిదాకా ఎంతమందికి నేర్పానో లెక్క వేసుకుంటూ ఫోన్ పెట్టేశాను.

డబ్బాలో అడాప్టర్‌తో పాటు ఒక బుల్లి సీడీ. నా కంప్యూటర్ పాతది కాబట్టి సీడీ డ్రైవ్ ఉంది. అయితే బటన్ నొక్కితే లోపల ఎవరో మూలిగినట్టు చప్పుడు వస్తుంది గానీ ట్రే బయటికి రాదు. దాని ముందు భాగంలో సూది దూరేంత చిల్లు ఒకటి ఉంటుంది, సరిగ్గా ఇలాంటి రోజు కోసమే. కంప్యూటర్ ఆపి, పేపర్ క్లిప్‌ని నిటారుగా చేసి ఆ చిల్లులోకి నెట్టాను. ఏదో మెత్తగా తగిలింది. ఇంకాస్త నొక్కితే "టక్" మని ట్రే అరంగుళం బయటికి వచ్చి ఆగింది. మిగతాది గోళ్లతో పట్టి లాగాను.

ట్రేలో ఒక సీడీ ఉంది. మా పెళ్లి సీడీ.

మా చెల్లెలు తీసుకెళ్లి పోగొట్టిందని పదేళ్లుగా ఈ ఇంట్లో అధికారికంగా నమ్ముతున్న సీడీ. ఆ నమ్మకాన్ని ప్రచారంలో పెట్టింది కూడా నేనే. చప్పుడు కాకుండా తీసి డిక్షనరీలో దాచాను. ఒక్కరోజుకి ఒక్క గొడవ చాలు.

బుల్లి సీడీని ట్రే మధ్యలోని చిన్న గుంటలో పెట్టి తోశాను. తిరిగింది, మూలిగింది, ఒక ఫోల్డర్ చూపించింది. అందులో ఉన్న డ్రైవర్, అంటే అడాప్టర్‌తో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కి నేర్పే సాఫ్ట్‌వేర్, నా విండోస్ కంటే రెండు తరాల పెద్దది. "ఈ వెర్షన్‌కి పనికిరాదు, తాజా డ్రైవర్ కోసం మా వెబ్‌సైట్ చూడండి" అంది. వెబ్‌సైట్ చూడాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

డివైస్ మేనేజర్ తెరిస్తే అడాప్టర్ పేరు పక్కన పసుపు త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం. కోడ్ 28. అంటే డ్రైవర్ లేదని. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అది నన్ను చూసి ఆశ్చర్యపోతున్నట్టే అనిపించింది.

సరే, ఒక్క పది నిమిషాలు పాత కేబుల్ తగిలించుకుందామని వెతికాను. హాల్లో లేదు. అటక మీద లేదు. డాబా ఎక్కితే కనిపించింది. ఈ చివర పిట్టగోడ ఇనుప కొక్కేనికి, ఆ చివర నీళ్ల ట్యాంకు పైపుకి కట్టి ఉంది. దాని మీద నా రెండు లుంగీలు, ఒక దుప్పటి, పిల్లవాడి యూనిఫాం.

"మంచి గట్టి తాడండీ, మొన్నటి నైలాన్‌దానిలా సాగట్లేదు" అంది మా ఆవిడ క్లిప్పులు పెడుతూ.

నాలుగు జతల రాగి తీగలు లోపల మెలికలు తిరిగి, సెకనుకు 1000 మెగాబిట్లు మోయగల కేబుల్ అది. తడి దుప్పటి మోస్తోంది. ముడి వేసిన చోట లోపలి తీగలు ఏ గతికి వచ్చాయో చూసే ధైర్యం లేక కిందికి దిగాను.

మళ్లీ మేనల్లుడే దిక్కు. "ఫోన్‌ని చార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కి పెట్టు మామయ్యా. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్. ఫోన్ నెట్ కంప్యూటర్‌కి వచ్చేస్తుంది" అన్నాడు. వచ్చేసింది. ఇంత సుళువైన పని ఉన్నప్పుడు నేను డాబా ఎందుకు ఎక్కానని వాడు అడగలేదు. మంచి పిల్లాడు.

వెబ్‌సైట్‌లో నా అడాప్టర్ మోడల్ కొడితే మూడు డ్రైవర్లు వచ్చాయి. వెర్షన్ 1, 2, 3. ఒకే పేరు, ఒకే డబ్బా, ఒకే రంగు, లోపలి చిప్ మాత్రం వెర్షన్‌కి ఒకటి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన అన్నదమ్ములు కారు కదా. నాకీ సంగతి తట్టక, వరసలో మొదటిది కాబట్టి మొదటిది దించాను. నెక్స్ట్, నెక్స్ట్, ఒప్పుకుంటున్నాను, నెక్స్ట్, ఫినిష్, రీస్టార్ట్. పసుపు త్రికోణం అక్కడే ఉంది. కోడ్ మాత్రం 28 పోయి 10 అయింది. తగ్గింది కదా, దారిలో పడ్డామనుకున్నాను. 10 అంటే పరికరం మొదలవలేదని అర్థమట. ముందు డ్రైవర్ లేదు, ఇప్పుడు తప్పుడు డ్రైవర్ ఉంది. ఒక రకంగా అభివృద్ధే.

వెర్షన్ ఎంతో అడాప్టర్ మీదే ముద్రించి ఉంటుందట. గోరంత వస్తువు మీద ముద్రించిన అక్షరం ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. కళ్లజోడు తీసి చూశాను, పెట్టుకుని చూశాను, పైన భూతద్దం పెట్టి చూశాను. ఆఖరికి ఫోన్‌తో ఫొటో తీసి, రెండు వేళ్లతో సాగదీస్తే మసక మసగ్గా "వి3" అని తేలింది. పాత డ్రైవర్ పీకేసి మూడోది పెట్టాను. పసుపు త్రికోణం మాయమైంది. స్క్రీన్ మూలన వైఫై గుర్తు వెలిగింది. నొక్కితే చుట్టుపక్కల ఇళ్ల నెట్‌వర్క్‌లన్నీ వరుసగా దిగాయి. వాటిలో ఒకదాని పేరు "అడిగితే ఇవ్వం". ఎవరిదో తెలియదు గానీ, మనిషి మీద గౌరవం కలిగింది.

మా నెట్‌వర్క్ అన్నిటికన్నా పైన, నిండు గీతలతో ఉంది. పాస్‌వర్డ్ కొట్టాను. గుండ్రంగా తిరిగింది. తిరిగి తిరిగి, "ఈ నెట్‌వర్క్‌కి కనెక్ట్ కాలేకపోతున్నాం" అంది.

మళ్లీ కొట్టాను. పెద్దక్షరాలు చూసుకుని కొట్టాను. సున్నానా, ఓ అక్షరమా అని ఆలోచించి రెండు రకాలుగానూ కొట్టాను. కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను, రౌటర్ రీస్టార్ట్ చేశాను. చేసేదేమీ లేక నా కుర్చీ కూడా జరిపి చూశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఐదు నిమిషాలయిందాండీ?" అంది. అప్పటికి మూడు గంటలు.

"అడాప్టర్‌లో వైఫై చిప్ పోయింది. మార్చాల్సిందే" అన్నాను. ఈ రోగ నిర్ణయం నాకు నోటికి వచ్చేసింది.

మేనల్లుడు ఒప్పుకోలేదు. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి దానికి కలిపి చూడమన్నాడు. రెండు సెకన్లలో కలిసింది. అంటే చిప్ బాగానే ఉంది. మరి రౌటరా అంటే, అదే రౌటర్ మీద టీవీ ఆడుతోంది, ఆవిడ ఫోన్ ఆడుతోంది.

"మామయ్యా, రౌటర్‌లో మాక్ ఫిల్టర్ గానీ పెట్టావా?"

"అలాంటి దిక్కుమాలిన పనులు నేనెందుకు చేస్తానురా" అన్నాను.

ఫోన్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్ సెట్టింగ్స్ లోపలికి వెళ్లాను. వైర్‌లెస్, దాని కింద సెక్యూరిటీ, దాని కింద మాక్ ఫిల్టర్: ఆన్. అనుమతి ఉన్న పరికరాలు నాలుగు. నా ఫోన్, ఆవిడ ఫోన్, అబ్బాయి ల్యాప్‌టాప్, టీవీ. ప్రతిదాని పక్కన ఉండే వివరం గళ్లో నేను స్వయంగా, ముద్దుగా టైప్ చేసిన పేర్లు.

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట ఒక రాత్రి నెట్ నత్తనడక నడుస్తుంటే, పక్కింటి కుర్రాడు మన పాస్‌వర్డ్ కొట్టేశాడని అనుమానం పుట్టింది. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోయేది. కానీ నాకున్న పేరుకి అది చిన్న పని. అర్ధరాత్రి దాకా కూర్చుని, నేను చెప్పిన వాళ్లని తప్ప ఎవర్నీ రానివ్వొద్దని రౌటర్‌కి చెప్పి పడుకున్నాను. తెల్లారి తెలిసిందేమిటంటే, రాత్రంతా మా అబ్బాయి ఏదో గేమ్ డౌన్‌లోడ్ పెట్టాడట. ఫిల్టర్ సంగతి అక్కడితో మర్చిపోయాను. అది నన్ను మర్చిపోలేదు. కంప్యూటర్ ఇన్నాళ్లూ కేబుల్ మీద వచ్చేది కాబట్టి దాన్ని ఆపలేదు. ఇవాళ కొత్త మొహంతో గాలిలో వచ్చింది, గేటు దగ్గరే నిలబెట్టింది.

జాబితాలోకి అడాప్టర్ మాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు, ఎక్కించాలి. పన్నెండు గుర్తులు, అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా, అక్షరాలు ఎ నుంచి ఎఫ్ దాకా. మా ఆవిడ భూతద్దంతో డబ్బా చూసి చదివింది, నేను ఫోన్‌లో కొట్టాను. కలవలేదు. మళ్లీ చదివించాను.

"ఇందాక ఎనిమిది అన్నావు, ఇప్పుడు బి అంటున్నావు."

"ఇందాక ఎనిమిదిలాగే ఉందండీ. ఇప్పుడు వీపు నిటారుగా కనబడుతోంది."

వీపు నిటారుగా ఉన్నదాన్నే నమ్మి, సేవ్ నొక్కాను. కంప్యూటర్‌లో గుండ్రం తిరగడం ఆగింది. కనెక్టెడ్. పేజీ తెరిచాను, తెరుచుకుంది. ఇంకోటి తెరిచాను, అదీ తెరుచుకుంది. కుర్చీలో వెనక్కి వాలి మా ఆవిడ వైపు చూశాను.

ఆవిడ ఇంకా డబ్బా పట్టుకునే నిలబడి ఉంది. ఏదో ఆలోచిస్తోంది.

"అంటే, ఆ జాబితాలో లేనివాళ్లకి మన వైఫై పట్టదాండీ?"

"చచ్చినా పట్టదు" అన్నాను గర్వంగా.

"ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్లయింది."

"మా అన్నయ్య వచ్చింది రెండేళ్ల కిందట కదూ?"

నేను సిగ్నల్ ఎలా ఉందో చూద్దామని లేచాను. అప్పటికే ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"అన్నయ్యా, నీ పాత ఫోన్ ఏం చేశావు? ఇచ్చేశావా... ఎవరికి... అక్కడ వైఫై బాగానే పడుతోందా? ఊ... ఊ... ఒక్క నిమిషం ఉండు, మీ బావగారు మాట్లాడతారట."