అమీబా దాకా అంతా బాగానే ఉంది

మా తిరుపతి పిల్లలకు లైంగిక విజ్ఞానం లేదని ఎవరన్నారు? కావలసినంత ఉంది. కాకపోతే అదంతా అమీబాది.

పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం మొదలైన రోజు అయ్యవారిని చూడాలి. అమీబా రెండుగా చీలుతుంటే ఆయన ముఖం వెలిగిపోతుంది. హైడ్రాకు మొగ్గ తొడిగించడానికి ఒక పీరియడు చాలదు. రణపాల ఆకు తెంపుకొచ్చి, అంచున మొలిచిన పిల్లమొక్కల్ని బెంచీ బెంచీకీ తిప్పి చూపిస్తారు. మందారాన్ని బ్లేడుతో నిలువునా కోసి, పుప్పొడి వేలికి అంటించుకుని మరీ చెబుతారు. పువ్వుల సంసారంలో ఆయనకు ఏ మొహమాటమూ లేదు.

పేజీ తిప్పగానే మనిషి ఎదురవుతాడు. అయ్యవారికి దగ్గొస్తుంది. కిటికీలోంచి శేషాచలం కొండను తేరిపార చూస్తారు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమంటే వాడి వీపు మోగుతుంది. అమ్మాయిలు పుస్తకంలో తల దాచుకోబోతారు, ఆ బొమ్మ ఉన్నది ఆ పుస్తకంలోనే అని గుర్తొచ్చి తటాలున ఎత్తేస్తారు. ‘ఇది ఇంటికాడ చదువుకోండి. బొమ్మ మాత్రం నేర్చుకోండి, మార్కులొస్తాయి’ అని అయ్యవారు గట్టెక్కేస్తారు. తర్వాతి పాఠం అనువంశికత. పిల్లలు పుట్టేశారు, తాత పోలికలు కూడా వచ్చేశాయి. ఎలా పుట్టారని మాత్రం అడక్కూడదు.

ఇంటికాడేమో నాన్న చేతిలో రిమోట్. ఆయనకు శ్రమ లేకుండా ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా కండోమ్ ప్రకటనలు వేయొద్దని కేంద్రం 2017లోనే చానళ్లకు చెప్పింది. ఆ తర్వాత మన పిల్లలంతా బుద్ధిగా తొమ్మిదిన్నరకే పడుకుంటారు, చేతిలో ఫోను పెట్టుకుని.

ఇక మిగిలిన గురువు హాస్టల్లో సీనియరన్న. గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర కలయిక తర్వాత 72 గంటల్లోపు, ఎంత తొందరగా వేస్తే అంత మంచిదని, అది రోజూ మింగేది కాదని, సుఖవ్యాధుల్ని ఆపదని ఆ అన్నకు తెలియదు. అయినా ధైర్యంగా చెబుతాడు. మాట తడబడకుండా చెప్పేవాడు ఊళ్లో అతనొక్కడే మరి! డిగ్రీ కుర్రాడు మెడికల్ షాపుకెళ్లి, జనం పోయేదాకా విక్స్ బిళ్లలు కొంటూ నిలబడతాడు. చివరికి ‘ఏం గావల్లప్పా?’ అని గదమాయిస్తే ఇంకో విక్స్ బిళ్ల కొనుక్కుని వచ్చేస్తాడు.

ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారట. సంస్కృతి పాడవుతుందట. ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. వీళ్లను చెడగొట్టింది ఏ పాఠమయ్యా? నెలసరి ఎందుకొస్తుందో కూడా చెప్పకుండా, ఇంటర్ మధ్యలో మాన్పించి, మంచి సంబంధమని పదిహేడేళ్లకే పీటల మీద కూర్చోబెట్టింది మీరు కాదూ? పందిట్లో అక్షింతలు వేసింది మీరు కాదూ? కండోమ్ అన్న మాటకు చెవులు మూసుకునే పెద్దమనిషే, ఏడాది తిరక్కుండా ‘ఇంకా విశేషం లేదా?’ అని నలుగురిలో అడుగుతాడు. అప్పుడు రాదే దగ్గు!

ఆ పిల్ల కడుపుతో ఆసుపత్రికొస్తే వయసు 19 అని చెప్పేదీ వీళ్లే. ఆధార్ కార్డు ఎక్కడమ్మా అంటే, ఇంటికాడ మర్చిపోయినామంటారు.